మూడు బురుజుల కిరీటం: పోర్చుగల్ పల్లె జెండాను చదివి, పానగల్లుకు ఒకటి గీద్దాం

మన దగ్గర ఊరికి గుర్తు అంటే ఏముంది? పంచాయతీ ఆఫీసు మీద పేరు రాసిన బోర్డు, సర్పంచ్ సంతకం పక్కన పడే గుండ్రటి రబ్బరు ముద్ర, ఊరి నడుమ బొడ్రాయి. వీటిలో ఊరిని నిజంగా పట్టిచ్చేది బొడ్రాయి ఒక్కటే, దాన్నేమో కాగితం మీద ఎవరూ వాడరు. పోర్చుగల్‌లో సంగతి వేరు. అక్కడ కొన్ని వందల గడపల పల్లెకు కూడా ఊరి గుర్తు గీసిన డాలు, దాని మీద కిరీటం, జెండా, ముద్ర ఉంటాయి. ఎవరో ఆర్టిస్టు తోచినట్టు గీసినవి కావవి, చట్టం చెప్పిన పద్ధతిలో కట్టినవి. ఆ పద్ధతి పట్టుబడితే ఏ ఊరికైనా ఒకటి గీసి చూసుకోవచ్చు. ఈ పోస్టులో ముందు వాళ్ల పద్ధతి, తర్వాత నల్లగొండ పక్కనున్న పానగల్లు మీద దాని ప్రయోగం. అది కాగితం మీది కసరత్తే, అధికారిక గుర్తు అని ఎవరూ వాట్సాప్‌లో తిప్పొద్దు.

పోర్చుగల్‌లో అన్నిటికన్నా చిన్న పాలనా ముక్క పేరు ఫ్రెగెజియా. ఒకప్పుడు ఒక చర్చి కింది ఊళ్లన్నీ కలిసి ఒక ఫ్రెగెజియా. ఇప్పుడు దానికి ఎన్నికైన సభ, జుంటా అనే కార్యవర్గం ఉంటాయి. ఓటర్లు 150 లేదా అంతకన్నా తక్కువ ఉన్నచోట సభకు ఎన్నికే ఉండదు, ఓటర్లందరూ కూర్చుని తీర్మానిస్తారు. మన గ్రామసభ లాంటిదే అనుకోండి, కాకపోతే అక్కడ దానిదే ఆఖరి మాట. ఫ్రెగెజియాల మీద ఉండేది మునిసిపాలిటీ, దేశం మొత్తంలో 308. 2013లో అక్కడి ప్రభుత్వం నాలుగు వేలకు పైబడిన ఫ్రెగెజియాలను కలిపి మూడు వేల చిల్లరకు దించింది. మన తెలంగాణ 2018లో సరిగ్గా ఎదురు దారి పట్టింది: తండాలను, శివారు పల్లెలను విడదీసి పంచాయతీల సంఖ్యను 12,751కి పెంచింది. గుర్తుల లెక్కలో చూస్తే రెండూ చిక్కే. అక్కడ రెండు మూడు డాళ్లు ఒక్క జుంటా నెత్తిన పడ్డాయి. ఇక్కడ పేరు తప్ప ఇంకే గుర్తూ లేని పంచాయతీలు వేల కొద్దీ పుట్టాయి.

నియమాల కథ 1930 ఏప్రిల్ 14న మొదలవుతుంది. మునిసిపాలిటీలన్నీ తమ డాళ్లను, జెండాలను ఒక దారికి తెచ్చుకోవాలని హోం శాఖ ఆ రోజు సర్క్యులర్ పంపింది. దాని వెనకున్న మనిషి అఫోన్సు ద డోర్నెలాస్. 1863లో ఏర్పడిన పోర్చుగీసు పురావస్తు సంఘంలో ఈ గుర్తుల విభాగాన్ని నడిపించినవాడు. 1755 భూకంపంలో కూలి, పైకప్పు లేకుండానే మిగిలిపోయిన లిస్బన్ కార్ము మఠంలో ఉంటుంది ఆ సంఘం. పల్లెల వంతు గట్టిగా వచ్చింది మాత్రం 1991లో. ఆ ఏడు ఆగస్టు 7 నాటి 53/91 నంబరు చట్టం ఫ్రెగెజియాలకూ ఇదే కొలత పెట్టింది. జుంటా ప్రతిపాదన పంపాలి, ఆ సంఘంలోని కమిషన్ అభిప్రాయం ఇవ్వాలి, ఊరి సభ ఆమోదించాలి, ప్రభుత్వ గెజెట్‌లో అచ్చు కావాలి, చివరికి రిజిస్టరులోకి ఎక్కాలి.

గెజెట్‌లో ఏం అచ్చవుతుందన్నదే ఇందులో కీలకం. అక్కడ అచ్చయ్యేది మాటలు. ‘డాలు ఫలానా రంగు, మీద ఫలానా వస్తువు ఫలానా రంగులో, కింద అలలు, మూడు బురుజుల వెండి కిరీటం, తెల్ల పట్టీ మీద నల్ల అక్షరాలతో ఊరి పేరు. జెండా ఫలానా రంగు; తాడు, కుచ్చులు ఫలానా రంగులు; కర్ర, బల్లెం మొన బంగారం.’ ప్రతి పల్లెదీ ఇదే అచ్చు, ఖాళీలు పూరించడమే పని. ఈ వాక్యాన్ని పది మంది చిత్రకారులకిస్తే పది రకాలుగా గీస్తారు. వాక్యం తప్పనంతవరకు పదీ సరైనవే. మన దగ్గర లోగో అంటే ఒక జేపెగ్ ఫైలు. అది పోతే లోగో పోయినట్టే. ఫ్లెక్సీ షాపులో సాగదీస్తే ఊరి పరువూ దాంతో పాటే సాగుతుంది.

ఇక చదవడం. ముందు చూడాల్సింది కిరీటం. అది రాజుది కాదు, కోటగోడ ఆకారంలో ఉంటుంది. ఎదురుగా ఎన్ని బురుజులు కనిపిస్తున్నాయో లెక్కపెట్టండి. మామూలు పల్లెకు మూడు, విలా అనే పట్టణ హోదా ఉన్నదానికి నాలుగు, నగరానికి ఐదు. అన్నీ వెండివే, అంటే బొమ్మలో తెలుపు. లిస్బన్‌కు మాత్రం ఐదు బంగారు బురుజులు. ఎక్కువ తప్పులు జరిగేది కూడా ఇక్కడే. ఊరికి విలా హోదా వస్తే కిరీటం మారాలి, కాని పాత లెటర్‌హెడ్‌ల మీద మూడు బురుజులే మిగిలిపోతాయి. ఇంకో పొరపాటు బురుజులకు అర్థం వెతకడం. ఊళ్లో కోట ఉంది కాబట్టి బురుజు పెట్టారని అనుకుంటారు. కోట ఉంటే అది డాలు లోపలికి వస్తుంది. దేవరకొండకు గీస్తే కొండ మీది కోట డాలులో ఉండాలి. కిరీటంలో ఉన్నది హోదా లెక్క ఒక్కటే.

డాలు అడుగు అర్ధచంద్రంలా గుండ్రంగా ఉంటుంది. గీసుకోవడానికి వీలైన కొలత ఇది: వెడల్పు 10 సెంటీమీటర్లు, నిటారు పక్కలు 7, అక్కడి నుంచి 5 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో కంపాస్ తిప్పితే మొత్తం ఎత్తు 12. అడుగు కోసుగా గీశారా, అది పోర్చుగీసు డాలులా ఉండదు, క్రికెట్ క్లబ్బు బ్యాడ్జీలా తేలుతుంది. కుడి ఎడమలు కూడా గుర్తుంచుకోవాలి. డాలు పట్టుకున్న సిపాయి కుడిచేయి వైపే ‘కుడి’. చూసేవాళ్లకు అది ఎడమ. వాక్యంలో కుడి అని ఉంటే కాగితం మీద ఎడమవైపు గీయాలి.

రంగులు ఏడే. బంగారం, వెండి అనే రెండు లోహాలు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, ఊదా, నలుపు అనే ఐదు వర్ణాలు. గుడ్డ మీదికి వచ్చేసరికి బంగారం పసుపవుతుంది, వెండి తెలుపవుతుంది. గులాబీ, నారింజ, ఆకాశనీలం, గ్రేడియంట్ ఏవీ ఈ లెక్కలో లేవు. పెద్ద నియమం ఒక్కటే: లోహం మీద లోహం, వర్ణం మీద వర్ణం పడకూడదు. ఎర్ర డాలు మీద పచ్చని చెట్టు కుదరదు, తెల్లటి దాని మీద పసుపు గింజ కుదరదు. ఇదేదో ఆచారం అనుకునేరు. లోహాలు రెండూ లేత రంగులు, వర్ణాలన్నీ ముదురు. లేత మీద ముదురు పడితేనే వంద అడుగుల దూరం నుంచి ఆకారం తెలుస్తుంది. అనుమానముంటే బొమ్మను ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. ఎరుపు మీది ఆకుపచ్చ మాయమైపోతుంది.

చట్టం ఇంకా అడిగేవి ఉన్నాయి. అనవసరమైనది ఉండకూడదు. వేరే ఊరి డాలుతో కలిసిపోకూడదు. ఊరి స్వభావానికి తగినదై ఉండాలి. వస్తువు డాలు నిండేంత పెద్దగా ఉండాలి. వీటన్నిటికన్నా మనవాళ్లకు కష్టమనిపించేది మరొకటి ఉంది: వస్తువును ఉన్నదున్నట్టు గీయొద్దు, దాని సారాన్ని గీయాలి. ఒలీవ చెట్టంటే నాలుగు కొమ్మలు, లెక్కపెట్టగలిగిన ఆకులు, కనిపించే వేళ్లు. నదంటే వెండి, నీలం అలల పట్టీలు. మిల్లంటే దాని చక్రం ఒక్కటే. సెయింటును గీయరు, ఆయన చేతి వస్తువును గీస్తారు: పీటర్‌కు తాళంచెవులు, సెబాస్టియన్‌కు బాణాలు, లారెన్స్‌కు ఇనుప జల్లెడ మంచం, యాకోబుకు సముద్రపు గుల్ల, కేథరిన్‌కు కత్తులు తొడిగిన చక్రం. ఈ ఆఖరిది మన పక్కదాకా వచ్చింది. 1510 నవంబరు 25న, అంటే కేథరిన్ పండుగ రోజున గోవా పోర్చుగీసుల చేతికి చిక్కింది. అందుకే పోర్చుగీసు ఇండియా గుర్తులో ఆ చక్రం ఉండేది. తెలియనివాళ్లు దాన్ని సుదర్శన చక్రం అనుకుంటే వాళ్ల తప్పేం లేదు.

ఈ ఒక్క పద్ధతి మనకు బాగా పనికొస్తుంది. పోచమ్మను గీయబోతే ఏ ముఖం, ఏ చీర అని పేచీ మొదలవుతుంది. వేపకొమ్మ గీస్తే పేచీ లేదు. మల్లన్నకు త్రిశూలం చాలు. చాలా ఊళ్లకు అసలు దేవుడి దాకా పోవాల్సిన పనే లేదు. పిల్లలమర్రి ఉండగా దాని పక్కనున్న ఊరికి ఇంకో గుర్తెందుకు? కాకపోతే మూడెకరాల మర్రిని గీయలేం కదా. ఒక మొదలు, అటు రెండు ఊడలు, ఇటు రెండు, పైన గొడుగులాంటి ఆకుల గుంపు. వాక్యంలో ‘నాలుగు ఊడలు’ అని అంకె పడాల్సిందే. ‘ఊడలతో’ అని వదిలేస్తే ఒకరు మూడు గీస్తారు, ఇంకొకరు ముప్పై. భూదాన్ పోచంపల్లికైతే ఇక్కత్‌లోని చౌకడి ఒక్కటి చాలు. కాని కమిటీ వేస్తే ఏమవుతుందో తెలిసిందే: మగ్గం, రాట్నం, వినోబా, 1951, భూమి పటం, పావురం, పక్కన రెండు వరి కంకులు. ఆరు వస్తువులు దాటిన డాలు డాలు కాదు, పెళ్లి ఫ్లెక్సీ.

ఇప్పుడు పానగల్లు. నల్లగొండ పట్టణంలో కలిసిపోయిన ఊరది. పోర్చుగల్‌లో నగరం లోపలి పేటలకూ ఫ్రెగెజియాలు ఉంటాయి కాబట్టి అదేం అడ్డు కాదు. పల్లె లెక్కన మూడు బురుజులే పెడుతున్నాను. ఊళ్లో కళ్లకు ఆనేవి చాలా ఉన్నాయి: కందూరు చోళుల ఆనవాళ్లు, పచ్చల సోమేశ్వరాలయం, మ్యూజియం, ఉదయసముద్రం చెరువు. కాని పానగల్లు అనగానే అందరి నోటా వచ్చేది ఛాయా సోమేశ్వరాలయంలోని నీడే. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పగలంతా కదలకుండా నిలబడే స్తంభపు నీడ. గుడిని గీస్తే ఏ గుడైనా కావచ్చు. నీడను గీస్తే పానగల్లు ఒక్కటే. పైగా నీడంటే నిలువు నల్ల పట్టె. డాళ్ల భాషలో అంతకన్నా తేలికైన ఆకారం దొరకదు.

మొదటి ప్రయత్నం ఇలా ఉంటుంది: వెండి డాలు, నడుమ పై నుంచి కింద దాకా నల్ల పట్టె, అడుగున చెరువుకు గుర్తుగా నీలం, వెండి అలలు. ఇందులో తప్పు గీసేదాకా తెలియదు. నల్ల పట్టె కింద నీలం అలను తాకేచోట రెండు ముదురు రంగులు అంటుకుంటాయి, దూరం నుంచి పట్టె నీళ్లలో కరిగిపోయినట్టు ఉంటుంది. మొదటి అలను వెండిగా మారిస్తే డాలు వెండిలో అది కలిసిపోయి అల అంచే కనపడదు. డాలును బంగారం చేస్తే? పట్టె బాగానే ఉంటుంది. కాని చల్లటి గర్భగుడి కాస్తా ఎండకాసిన చేనులా మారుతుంది. దీనికి మందు పట్టెను పొట్టి చేయడం. డాలు పైఅంచు నుంచి దిగి, అలలకు 1 సెంటీమీటరు పైన ఆగిపోవాలి. నిజానికి నీడ కూడా అంతే, గోడ మీద నిలుస్తుంది, చెరువుదాకా పోదు. పైన చెప్పిన 12 సెంటీమీటర్ల డాలులో అలలకు అడుగున 4 సెంటీమీటర్లు, పట్టె పొడవు 7, వెడల్పు 2.5. అంతకన్నా సన్నబడితే థర్మామీటరులా కనిపిస్తుంది, ముందే చెబుతున్నా. అలల పట్టీలు ఐదు: నీలం మూడు, వెండి రెండు, పైదీ కిందదీ నీలమే.

ఛాయా సోమేశ్వరం త్రికూటాలయం, గర్భగుడులు మూడు. కిరీటం మీద బురుజులూ మూడే కదా, భలే కుదిరిందని చెప్పాలనిపిస్తుంది. చెప్పొద్దు. రేపు ఊరి హోదా మారితే నాలుగో గర్భగుడి ఎక్కడిదని అడుగుతారు.

జెండా దగ్గరికి వస్తే పోర్చుగీసు అలవాటుకు, మన వీధికి చుక్కెదురు. అక్కడ ఎన్నో ఫ్రెగెజియాల జెండా ఒకే రంగు గుడ్డ, నడుమ డాలు. కొన్నింటికి నాలుగు గడులు. నగరాలకు నడుమ నుంచి ఎనిమిది ముక్కలు. గుడ్డ రంగులు డాలు నుంచే రావాలి. ఇక్కడ ఒకే రంగు గుడ్డ ఎగరేసి చూడండి. ఎర్రదైతే నల్లగొండ జిల్లాలో ఏమనుకుంటారో చెప్పక్కర్లేదు. పసుపు, కాషాయం, గులాబీ, ఆకుపచ్చ, దేనికి ఉండే సొంతదారు దానికి ఉన్నాడు. నడుమ డాలు గాలికి ముడుచుకుంటే మిగిలేది రంగే. మన పట్టెది నలుపు, నల్లజెండా అంటే నిరసన. లిస్బన్ జెండా నలుపు తెలుపుల ఎనిమిది ముక్కలే, 1415లో పోర్చుగీసులు పట్టుకున్న సెయుతా నగరం ఇప్పుడు స్పెయిన్‌లో ఉన్నా ఆ నలుపు తెలుపులనే ఎగరేస్తోంది. వాళ్లకది చెల్లింది, మనకు చెల్లదు. కాబట్టి చెరువు నీలం, వెండి తీసుకుని నాలుగు గడులు చేయడమే దారి. ‘నీలం తెలుపుల నాలుగు గడులు’ అంటే కర్ర పక్క పైగడి నీలం, దానికి మూలగా కిందగడి నీలం, మిగతా రెండూ తెలుపు.

మొత్తం వాక్యం ఇదీ: డాలు వెండి, పైఅంచు నడుమ నుంచి దిగి అలలకు పైనే ఆగిన నల్ల పట్టె, అడుగున నీలం, వెండి అలల పట్టీలు ఐదు. మూడు బురుజుల వెండి కిరీటం. తెల్ల పట్టీ మీద నల్ల అక్షరాలతో ‘పానగల్లు’. జెండా నీలం తెలుపుల నాలుగు గడులు. తాడు, కుచ్చులు వెండి, నీలం. కర్ర, మొన బంగారం.

కుట్టే కొలతలు. స్తంభానికి ఎగరేసే జెండాకు పోర్చుగల్‌లోనూ 2:3 నిష్పత్తే, మన జాతీయ జెండాకున్నదే. 900×600 మిల్లీమీటర్ల సైజుకు నాలుగు ముక్కలు ఒక్కోటి 480×330 కత్తిరించండి. లోపలి అతుకుకు 10, బయటి మడతకు 20 వదిలితే చేతికొచ్చేది 450×300. డాలు 200 వెడల్పు, 240 ఎత్తు. కిరీటం, పేరు పట్టీ కలిపి మొత్తం 400 దాటనివ్వొద్దు. వెండి డాలు తెల్ల గడి మీద సగం పడుతుంది కాబట్టి చుట్టూ సన్నటి నల్లగీత తప్పనిసరి. పేరు పట్టీకీ, కిరీటానికీ అంతే. నల్లగీత మరిచిపోతే కిరీటం గాల్లో కరిగిపోతుంది, బురుజుల లెక్క ఎవరికీ అందదు.

ఎనిమిది ముక్కల నగరపు జెండా కుట్టేవాళ్లకు ఒక సంగతి. మూల నుంచి మూలకు గీతలు పోతాయి కాబట్టి ముక్కలు రెండు రకాలనిపిస్తుంది, నిజానికి అన్నీ ఒకే లంబకోణ త్రిభుజం: భుజాలు 450, 300, ఏటవాలు 541. ఒక అట్టముక్క చాలు. ఒక్కో రంగులో నాలుగు కావాలి, వాటిలో రెండు అట్ట తిరగేసి కత్తిరించాలి. కాటన్‌కు ఏ పక్కైనా ఒకటే కాబట్టి తెలియదు. శాటిన్‌కు మెరుపు ఒక పక్కే, తిరగేయకపోతే సగం ముక్కలు మసకగా వస్తాయి. ఏటవాలు అంచు లాగితే సాగుతుంది, ముందే కచ్చాకుట్టు వేసుకోవాలి. నడుమ ఎనిమిది అతుకులు కలిసి గడ్డ కడుతుంది, దాని మీదికి డాలు వస్తుంది కనుక దిగుల్లేదు.

ఊరేగింపులో మోసే జెండా వేరు. మీటరుకు మీటరు చదరం, పట్టుగుడ్డ, బుటా పని, కుచ్చుల తాడు. దీన్ని ఒకే పొరలో చేస్తే వెనక నుంచి ఊరి పేరు తిరగబడి కనిపిస్తుంది. రెండు పొరల మీద వేర్వేరుగా బుటా వేసి, నడుమ పలచని అస్తరు పెట్టి వీపులు కలపాలి. రెండు పక్కలా పేరు ఎడమ నుంచి కుడికే చదవాలి. మన జెండాలో గడుల వరస కూడా చూసుకోవాలి: కర్ర పక్కన నీలం ఉన్న గడి వెనక పొరలోనూ కర్ర పక్కనే ఉండాలి, అంటే గడులు అద్దంలో బొమ్మలా, పేరు మాత్రం మామూలుగా. ఈ రెండూ కలిపి చెప్పకపోతే టైలర్ ఏదో ఒకటి తప్పకుండా తిప్పేస్తాడు.

ముద్ర గుండ్రంగా, నడుమ డాలులోని వస్తువులు, చుట్టూ పేరు. రంగుల ప్రస్తావన ఉండదు. 35 మిల్లీమీటర్ల రబ్బరు ముద్రలో వస్తువు తెలియకపోతే బొమ్మను ఇంకా తేలిక చేయాల్సిందే. రాతి మీద చెక్కేటప్పుడో, జిరాక్సులోనో రంగు చూపాలంటే గీతల భాష ఉంది: బంగారానికి చుక్కలు, వెండికి ఖాళీ, ఎరుపుకు నిలువు గీతలు, నీలానికి అడ్డగీతలు, నలుపుకు రెండూ కలిసిన జల్లెడ, ఆకుపచ్చకు చూసేవాళ్ల ఎడమ పైనుంచి కుడి కిందికి వాలు గీతలు, ఊదాకు దానికి ఎదురు వాలు.

ఎవరైనా తమ ఊరికి గీయబోతే రెండు హద్దులు. నాలుగు సింహాల గుర్తు జోలికి పోవద్దు, దాని వాడకం మీద 2005 చట్టం ఉంది. 2014లో ఏలే లక్ష్మణ్ గీసిన తోరణం, చార్మినార్ల గుర్తు రాష్ట్రానిది, దాన్ని ముక్కలు చేసి ఊరి డాలులో అతికించొద్దు. ఆగస్టు 15న పంచాయతీ ఆఫీసు ముందు ఊరి జెండా కూడా పెట్టాలనిపిస్తే అది జాతీయ జెండా కన్నా ఎత్తులో ఉండకూడదు, సరిసమానంగా పక్కనా ఉండకూడదు. దూరంగా, పొట్టి కర్రకు.

కంప్యూటర్‌లో గీసేవాళ్లు ఫైలును వెక్టర్‌గా దాచండి. ఆ ఫోల్డర్‌లోనే, తెలుగులో టైపు చేసిన వాక్యం కూడా ఉంచండి. ఫైలు పాడైనా వాక్యం చదివి మళ్లీ గీసుకోవచ్చు.